ఒక ఫ్రిజ్ తలుపుకు ఎన్ని బోర్డులు

రిటైరైన దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లు రెండు రకాలు. మోకాళ్ళ నొప్పులకు ఏం వాడుతున్నావని అడిగేవి ఒక రకం. "ఆంటీ, ఎలక్ట్రానిక్స్ కొత్తగా మొదలుపెడదామనుకుంటున్నాం, ఏ బోర్డు కొనమంటారు, డిజైన్‌కి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు" అని అడిగేవి రెండో రకం. మొదటివాళ్ళకు ఓపిగ్గానే జవాబు చెబుతాను. రెండోవాళ్ళను మాత్రం "ఏం చేద్దామని?" అని ఎదురు అడుగుతాను. "అదింకా అనుకోలేదు ఆంటీ, ముందు బోర్డు డిసైడ్ అయితే..." అని నసుగుతారు. అక్కడ నా గొంతు మారిపోతుంది. మా ఆయన పక్కగదిలోంచి వచ్చి ఫోను నా చేతిలోంచి తీసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇంత చిన్న ప్రశ్నకు ఈవిడకు అంత చిరాకెందుకని మీరు అనుకోవచ్చు. అందుకే మా ఆఫీసు ఫ్రిజ్ సంగతి రాస్తున్నాను. ఇది చదివాక కూడా ఏ బోర్డు కొనాలని అడిగితే మాత్రం ఫోను మా ఆయనకే ఇచ్చేస్తాను.

మేముండే ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కానింగ్ వేల్ అనగానే మనవాళ్ళకు ఇళ్ళూ, పప్పులూ బియ్యం దొరికే కొట్లూ గుర్తొస్తాయి. ఆ ఇళ్ళకు అవతల రేకుల షెడ్లున్న వీధులున్నాయి. వాటిలో ఒక షెడ్డులో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. గనుల్లో నీళ్ళు తోడే పంపులు వేడెక్కుతున్నాయా, అదురుతున్నాయా అని కనిపెట్టి చెప్పే పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీ అది. తయారైన ప్రతి బోర్డూ నా బల్ల మీదికి వచ్చి, పరీక్ష పాసై, నా చేత నాలుగు తిట్లు తిని బయటికి వెళ్ళేది. హైదరాబాదులో ఒక కర్మాగారంలో నేర్చుకున్న పని, ఇక్కడ కూడు పెట్టింది. పరీక్షలతో పాటు కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పడం కూడా నా నెత్తినే పడింది.

మా యజమాని ఒకప్పుడు గనుల్లో ఎలక్ట్రీషియన్. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా సరే, ప్రొబేషన్ ముగిసేలోగా ఒక వస్తువును మొదటినుంచి చివరిదాకా సొంతంగా చెయ్యాలి. విడిభాగాలు ఎంచుకోవడం, అవి కూర్చునే బోర్డును కంప్యూటర్‌లో గీయడం, సోల్డరింగ్‌తో అతికించడం, పెట్టెలో బిగించడం, అన్నీ వాళ్ళే. అది అమ్మడానికి కాదు, ఆఫీసులో వాడుకోవడానికి. మా గేటు దగ్గర గంట అలా వచ్చిందే. టాయిలెట్‌లో మనిషి కాసేపు కదలకపోతే ఆరిపోయే దీపం కూడా అలా వచ్చిందే. దాన్ని చేసినతను ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు, మేం మాత్రం లోపల కూర్చుని చీకట్లో చేతులూపుతూనే ఉన్నాం.

ఈ కథలో ఆ ఆచారానికి చిక్కిన కొత్త మనిషిని అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు బడికి వెళ్ళే కూతురుంది. మొదటిసారి ఒక పార్కులో ఎవరిదో పుట్టినరోజు బార్బెక్యూలో కనిపించింది. నేనేం పని చేస్తానో తెలిసి ప్లేటు పట్టుకుని పక్కకొచ్చి కూర్చుంది.

"నేను గుడ ఈసీఈనే ఆంటీ. వరంగల్‌ల చదివిన."

"ఇప్పుడేం చేస్తున్నావు?"

"వేర్‌హౌస్‌ల ప్యాకింగ్. కూరగాయలు డబ్బాలల్ల పెట్టుడు. కోల్డ్ రూమ్."

చదివిన చదువు గురించి ఆమె మాట్లాడిన తీరు నాకు నచ్చింది. ఓమ్ సూత్రం నుంచి మొదలుపెట్టి ఏది అడిగినా తడుముకోకుండా చెప్పింది. పార్కులో బోండాలు తింటూ ఇంటర్వ్యూ చేసిన మనిషిని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. మర్నాడు మా యజమానికి చెప్పాను. నా మాట మీద తీసుకున్నాడు. మొదటి రోజునే "ఆఫీసులో ఆంటీ అనొద్దు, ఇక్కడందరూ పేరు పెట్టే పిలుస్తారు" అని చెప్పాను. "సరే ఆంటీ" అంది.

ఆమెకు యజమాని ఇచ్చిన పని ఫ్రిజ్. మా లంచ్ రూమ్‌లో ఒక పాత ఫ్రిజ్ ఉండేది. దాని తలుపు రబ్బరు వదులైపోయి, తుంటితో ఒక పోటు పొడిస్తే తప్ప మూసుకునేది కాదు. ఎవరో ఒకరు పొడవడం మర్చిపోయేవారు. పాలు విరిగేవి. మరొకరు ఆ పాలు కాఫీలో పోసుకుని అందరి మీదా అరిచేవారు. కొత్త ఫ్రిజ్ కొనమంటే యజమాని "అది పనిచేస్తోందిగా" అనేవాడు. అందుకని తలుపు కాసేపటికి మించి తెరిచి ఉంటే కూత పెట్టే పరికరం చెయ్యమన్నాడు.

"అది కూయాలి. నాకు అంతే కావాలి" అన్నాడు. ఇంత స్పష్టంగా చెప్పే యజమానులు ఉద్యోగ జీవితంలో ఎక్కువమంది దొరకరు.

దీనికి ఏం కావాలి? తలుపుకు ఒక అయస్కాంతం. అది దగ్గరగా ఉన్నంతసేపు కలిసి ఉండి, దూరమవగానే విడిపోయే ఒక చిన్న స్విచ్. కాసేపు లెక్కపెట్టడానికి ఒక చౌకరకం చిప్. ఒక బజర్, ఒక బ్యాటరీ. ఇవన్నీ పెట్టుకోవడానికి అగ్గిపెట్టెంత బోర్డు. నేనైతే శుక్రవారం మొదలుపెట్టి సోమవారం మర్చిపోయే పని. కొత్తవాళ్ళకు కొన్ని వారాలు పడుతుంది, పట్టాలి కూడా.

ఆ అమ్మాయి చేసిన మొదటి పని మా ఇంజనీర్లిద్దర్నీ సలహా అడగడం. నన్ను అడిగి ఉంటే అడగొద్దని చెప్పేదాన్ని. మా పెద్ద ఇంజనీరు ఏటేటా అద్దె కట్టి వాడే ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు భక్తుడు. అందులో నేర్చుకోకపోతే ఏ కంపెనీ గడపా తొక్కనివ్వరని ఆయన నమ్మకం. ప్రోగ్రాములు రాసే ఇంజనీరు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ తప్ప ముట్టుకోడు. డబ్బు తీసుకునే సాఫ్ట్‌వేర్ అంటే ఆయనకు లంచం కింద లెక్క. చిప్పుతో సహా రెడీమేడ్‌గా దొరికే బోర్డుల దగ్గరా అంతే. ఒకాయన బడిపిల్లలు వాడే నీలం బోర్డును వెక్కిరిస్తే, రెండో ఆయన వైఫై లేని బోర్డును చూసి జాలిపడతాడు. నేను చేరిన నాటినుంచి వాళ్ళు ఏ విషయంలోనూ ఒక్క మాట మీదికి వచ్చింది చూడలేదు. రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవారు మాత్రం.

ఆ అమ్మాయి ఇద్దరూ చెప్పింది శ్రద్ధగా రాసుకుంది. తర్వాత వాళ్ళిద్దరూ చెప్పనివి కూడా వెతకడం మొదలుపెట్టింది.

"ఎంతవరకొచ్చింది?" అని అడిగాను ఒక రోజు.

"ఇంక రెండు ఆప్షన్లు మిగిలినయి ఆంటీ."

తర్వాతి వారం మళ్ళీ అడిగాను.

"మూడు."

"మొన్న రెండే అన్నావుగా."

"నిన్న ఇంకోటి రిలీజ్ అయింది. రివ్యూస్ మంచిగున్నయి."

నేను పళ్ళు నూరుకుంటూ నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను. సాఫ్ట్‌వేర్‌దీ ఇదే వరస. ఒకటి కంప్యూటర్‌లో ఎక్కించేది, రెండు పాఠాల వీడియోలు చూసేది, మూడో వీడియో కింద ఎవడో "ఇది పాతబడిపోయింది, ఫలానాది నేర్చుకోండి" అని రాసి ఉంటే దాన్ని తీసేసి ఫలానాది ఎక్కించేది. ఊరూ పేరూ లేని మనుషుల మాట ఆమెకు వేదవాక్కు. పక్కబల్ల దగ్గర కూర్చుని నెత్తీ నోరూ బాదుకుంటున్న నా మాట మాత్రం ఎక్కేది కాదు.

ఒక ఆదివారం భోజనానికి రమ్మంటే మా ఆయనా నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. డైనింగ్ టేబుల్ మీద కంచం పెట్టే చోటు లేదు. నీలం బోర్డులు, ఆకుపచ్చ బోర్డులు, వేలెడు బోర్డులు, కెమెరా ఉన్నది, తెర ఉన్నది, కొన్నిటికి ఇంకా కవరు కూడా విప్పలేదు. అందరం సోఫాలో కూర్చుని కంచాలు ఒళ్ళో పెట్టుకున్నాం. "మీ అమ్మ ఇల్లంతా ఇలా పరిచిందేంటే?" అని వాళ్ళ పాపను అడిగాను. తెలుగు బాగానే అర్థమవుతుంది ఆ పిల్లకు, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "షి ఈజ్ స్టిల్ చూజింగ్" అంది పూరీ నములుతూ.

వాళ్ళాయన ఒక బ్యాంకులో కంప్యూటర్ వ్యవస్థల రూపకర్త. మంచివాడు, భార్య ఉద్యోగం నిలబడాలని ఆమెకంటే ఎక్కువ ఆరాటపడేవాడు. ఆ ఆరాటమే మా కొంప ముంచింది. తన స్నేహితులతో ఫోనులో ఒక గ్రూపు పెట్టాడు. అందులో ఉన్నవాళ్ళందరూ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళినవాళ్ళే. ఫ్రిజ్‌కు ఏ బోర్డు వాడాలని వాళ్ళు ఓటింగ్ పెట్టుకున్నారు. ఏ బోర్డుకు ఏ గుణాలున్నాయో చూపించే పెద్ద పట్టిక కూడా ఉంది. అన్నం తింటుండగా ఆ పట్టిక టీవీలో వేసి చూపించాడు.

"నోటిఫికేషన్ ఫోన్‌కి రావాలె ఆంటీ. డోర్ ఎన్నిసార్లు ఓపెన్ అయిందో డేటా క్లౌడ్‌కి పోవాలె. అందుకే వైఫై ఉన్న బోర్డుకు ఎక్కువ మార్కులు ఇచ్చినం."

"ఫోనుకు వస్తే ఏం చేస్తారు? ఆఫీసులో ఫ్రిజ్ తలుపు మీరు ఇక్కడ కూర్చుని వేస్తారా?"

"అది కాదు ఆంటీ, డిజైన్ స్కేలబుల్ ఉండాలె కదా. రేపు ఫ్రిజ్‌లు పెరుగుతయి."

"పెరగవు బాబూ. మా యజమాని ఉన్న ఫ్రిజ్‌నే మార్చడు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. వైఫై బోర్డు పెడితే బ్యాటరీ వారం తిరక్కుండానే చస్తుందని చెప్పాను. దానికో వరస పట్టికలో కలుపుతానన్నాడు. మా ఆయన నా చెయ్యి నొక్కకపోతే ఆ రోజు భోజనం సగంలో లేచేదాన్ని. పైగా వంకాయ కూర చాలా బాగుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే మా యజమాని కాఫీలో విరిగిన పాలు పడ్డాయి. ఆయన కప్పు పట్టుకునే నా బల్ల దగ్గరికి వచ్చాడు. అరవలేదు. అరిస్తే నాకు భయముండేది కాదు.

"నువ్వు చెప్పావని తీసుకున్నాను. తెలివైన మనిషే, కాదనను. కానీ ఏదీ మొదలుపెట్టడం లేదు. గనిలో పంపు ఆగిపోతే ముందు చెయ్యి పెట్టేవాళ్ళు నాకు కావాలి. ప్రొబేషన్ అయ్యేలోగా ఆ ఫ్రిజ్ కూయకపోతే పంపించేస్తాను."

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అదే ఇంకా ఒళ్ళు మండించింది. ఆ అమ్మాయిని బయటికి తీసుకెళ్ళి, షెడ్డు నీడలో నిలబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"మళ్ల ఆ ప్యాకింగ్‌కు పోవాలంటే నాతోని కాదు ఆంటీ. చేతులు మొద్దుబారిపోయేటివి. షిఫ్ట్ అయినంక కార్ల కూసొని ఏడ్చేదాన్ని, ఇంట్ల తెల్వకుండ. ఇక్కడికి వచ్చినంకనే నేను చదువుకున్న మనిషినని మళ్ల అనిపించింది."

ఇక మొదలుపెడుతుందన్న నమ్మకంతో ఇంటికి వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే వచ్చి, "ఆంటీ, ఆయన ఫ్రెండ్ ఒకాయన కొత్త సాఫ్ట్‌వేర్ చెప్పిండు, దాంట్ల బోర్డు అదే గీసుకుంటదట, ఒక్కసారి చూద్దామా" అంది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆమె చెయ్యి పట్టుకుని నా బల్ల దగ్గర కూర్చోబెట్టాను. పనికిరాని ఒక పాత బోర్డు ముందు పెట్టి, సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి చేతికిచ్చాను. "ఈ తీగను ఇక్కడ అతికించు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. కానివ్వు" అన్నాను.

ఆమె దాన్ని పెన్ను పట్టుకున్నట్టు బాగా ముందుకు పట్టుకోబోయింది. వేళ్ళు కాలేవే, నేను లాక్కున్నాను.

"ఇదెప్పుడూ పట్టుకోలేదా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి కాలేజీలో చివరి ఏడాది ప్రాజెక్టో?"

"కొన్నం ఆంటీ."

"కొనడమేంటి?"

"అమీర్‌పేట్‌ల. నలుగురం బ్యాచ్. థర్మకోల్ షీట్ మీద అంటించి ఇచ్చిండ్రు. రిపోర్ట్ బైండింగ్ గుడ వాళ్లే. ఈ స్విచ్ ఒత్తుర్రి, ఇంకేం ముట్టకుర్రి అని చెప్పి పంపిండ్రు. వైవాల గదే ఒత్తినం. పని చేసింది. డిస్టింక్షన్ వచ్చింది."

"ఏం ప్రాజెక్టు?"

"రైలు వస్తే గేట్ దానంతటదే పడుడు."

నాకు ఆ రైల్వే గేటు తెలుసు. హైదరాబాదు కర్మాగారంలో కొత్తవాళ్ళ ఇంటర్వ్యూలకు నన్ను కూడా కూర్చోబెట్టేవారు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆ గేటే పట్టుకొచ్చేవారు. అదే ఎరుపు తెలుపు పుల్ల, అదే బొమ్మరైలు. ఎవర్నడిగినా స్విచ్ ఒత్తడం వచ్చు, పైమూత విప్పమంటే నేల చూపులు. అప్పట్లో నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. ఆ గేటు అంత దూరంనుంచి కానింగ్ వేల్‌లో నా బల్ల మీదికి వస్తుందని అనుకోలేదు.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"ఏదన్న ఒకటి సెలెక్ట్ చేసి షురూ చేస్తే, నాకు రాదని అందరికి తెలుస్తది కదా. సెలెక్ట్ చేస్తున్నంత సేపు ఎవ్వరికి తెల్వది."

మీరు అనుకున్నట్టు నాకు అప్పుడు జాలి కలగలేదు. కోపమే వచ్చింది. ఆమె మీద, ఆమెతో స్విచ్ ఒత్తించుకుని డిస్టింక్షన్ వేసిన మాస్టర్ల మీద, ప్రాజెక్టులు అమ్మే ఆ కొట్ల మీద, సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పగల తెలివిని ఒక్క తీగ అతికించనివ్వకుండా డిగ్రీ చేతిలో పెట్టి పంపినవాళ్ళందరి మీదా. కాసేపు ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. చాలా మాట్లాడాను. ఆమె వింటూ కూర్చుంది. చివరికి సొరుగు లాగి అందులో ఉన్న చవక చిప్పు ఒకటి తీసి ఆమె ముందు పెట్టాను.

"ఇదీ నీ చిప్పు. ఇప్పుడు నీ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంది?"

"ఆ ఫ్రీది. కానీ ఆంటీ, దాంట్ల..."

"అదే నీ సాఫ్ట్‌వేర్. ఇక ఎవర్నీ అడగొద్దు. నన్ను కూడా."

"గ్రూపుల ఏం చెప్పాలె?"

"ఓటింగ్ అయిపోయిందని చెప్పు."

ఆ తర్వాతి రోజులు సుఖంగా గడిచాయని అనుకునేరు. సోల్డరింగ్‌లో ఆమెకు పుట్టుకతో వచ్చిన నేర్పేమీ లేదు. అతుకులు ఉండలు కట్టేవి. ఊపితే ఊడేవి. తీగ బదులు వేళ్ళు అతుక్కునేవి. చెత్త బోర్డులు తెచ్చి ముందు పోసి, రోజూ భోజనానికి ముందు ఒకదాన్ని అతుకులతో నింపమనేదాన్ని. నింపేది, నేను చూసి పీకేసేదాన్ని, మళ్ళీ నింపేది. ఒకసారి పెద్ద ఇంజనీరు అటుగా వెళ్తూ ఐరన్‌లలో ఏ కంపెనీది మంచిదో చెప్పబోయాడు. నేను చూసిన చూపుకు వచ్చినదారినే వెళ్ళాడు.

కంప్యూటర్‌లో బోర్డు గీసింది. బోర్డులు అచ్చువేసే కంపెనీకి ఆర్డరు పెట్టింది. ఆ బోర్డులు వచ్చిన రోజు కవరు విప్పి, చిప్పును దాని చోట పెట్టి చూసి, అలాగే నిలబడిపోయింది. చిప్పు కాళ్ళు బోర్డు మీద గుర్తుల కంటే వెడల్పుగా ఉన్నాయి. ఒకే చిప్పు రెండు ఒళ్ళతో వస్తుంది, సన్నది ఒకటి, లావుది ఒకటి. చేతిలో ఉన్నది లావుది. ఆమె గీసింది సన్నదానికి.

"సాఫ్ట్‌వేర్ మంచిగ లేదు ఆంటీ. వేరేది తీసుకునేది ఉండె."

ఇంజనీర్లిద్దరికీ ఈ సంగతి ఎలా తెలిసిందో తెలియదు, ఆ నిమిషానికి ఇద్దరూ ఆమె వెనక ఉన్నారు. తన సాఫ్ట్‌వేర్ అయితే ముందే హెచ్చరించేదని పెద్దాయన అన్నాడు. సాఫ్ట్‌వేర్‌ది తప్పు కాదు, వైఫై ఉన్న రెడీమేడ్ బోర్డు తీసుకుంటే ఈ గొడవే లేదని రెండో ఆయన అన్నాడు.

"గీసే ముందు చిప్పును కొలిచావా?" అని నేనడిగాను.

"లే."

"అయితే ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేరైనా ఇంతే."

ఇక్కడ పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను, ఉచితం. ఏ సాఫ్ట్‌వేర్‌లో గీసినా, ఆర్డరు పెట్టేముందు ఆ బొమ్మను అసలు కొలతలో కాగితం మీద అచ్చు తీసి, మీ దగ్గరున్న భాగాలను ఆ కాగితం మీద పెట్టి చూసుకోండి. కాళ్ళు గుర్తుల మీద కూర్చుంటే ఆర్డరు పెట్టండి. ఈ మాట ఆమెకు ముందే చెప్పొచ్చు కదా అంటారా? చెప్పాను. అది మొదటి వారాల్లో, అప్పుడామె ఫోనులో ఓటింగ్ చూసుకుంటోంది.

కొత్త బోర్డులు తెప్పించే వ్యవధి లేదు. చిప్పును వెల్లకిలా తిప్పి బోర్డుకు అంటించి, ఒక్కో కాలినుంచి వెంట్రుకంత తీగ తెచ్చి ఒక్కో గుర్తుకు అతికించమన్నాను. రోజంతా పట్టింది. తయారైంది చూస్తే సాలెగూడులా ఉంది. సాయంత్రం తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళాయన దాన్ని చూసి, గొంతు తగ్గించి "గిదే చూపిస్తవా?" అన్నాడు.

"గిదే నేను చేసింది" అంది.

ఆ రాత్రి ఆయన గ్రూపులో ఏం పెట్టలేదని తర్వాత తెలిసింది.

ప్రొబేషన్ ఆఖరి రోజున పొద్దున్న టీ విరామంలో, ఇక్కడి మాటలో స్మోకోలో, అందరం లంచ్ రూమ్‌లో పోగయ్యాం. యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫ్రిజ్ పక్కన ఆమె పెట్టె, తలుపు మీద అయస్కాంతం. ముందురోజు నా బల్ల మీద అది నాకు విసుగొచ్చేన్నిసార్లు కూసింది. యజమాని తలుపు తెరిచాడు. నిలబడ్డాం. ఫ్రిజ్‌లోంచి చల్లగాలి కాళ్ళకు తగులుతోంది. ఇంకా నిలబడ్డాం. కూత లేదు.

ఆ అమ్మాయి వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. మా ఇంజనీర్లకు మాత్రం ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

"తీగలతో కట్టిన బోర్డు ఎక్కడైనా నిలుస్తుందా, మంచి సాఫ్ట్‌వేర్ వాడి ఉంటే ఈ తీగలే ఉండేవి కావు" అన్నాడు పెద్దాయన.

"సాఫ్ట్‌వేర్ కాదు, చిప్పే తప్పు. ఇంత చిన్న చిప్పులో ఏం జరుగుతోందో బయటికి ఎలా తెలుస్తుంది?" అన్నాడు రెండో ఆయన.

"నువ్వు చెప్పిన బోర్డు అయితే బ్యాటరీ ఈపాటికి చచ్చేది."

"మీ సాఫ్ట్‌వేర్ అద్దెతో కొత్త ఫ్రిజ్ వచ్చేది."

వాళ్ళ గొంతులు పెరిగాయి. యజమాని మొహం చిట్లించి వాళ్ళవైపు తిరిగాడు. ఈ గొడవలో నేనామెను చూశాను. ఇదివరకైతే ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, ఎవరు చెప్పేది నిజమో అని మథనపడుతూ నిలబడేది. ఇప్పుడు వాళ్ళ మాటలు వినడం లేదు. పెట్టె మూత విప్పింది. మీటరు ముళ్ళు పెట్టి ఒక్కో తీగే చూసుకుంటూ వచ్చింది. ఒక తీగ దగ్గర ఆగింది. మూత బిగించినప్పుడు ఒత్తిడికి ఆ అతుకు విరిగినట్టుంది. వెళ్ళి నా ఐరన్ తెచ్చింది. కెటిల్ ప్లగ్గు పీకి దాని చోట ఐరన్ పెట్టింది. వేడెక్కేదాకా కదలకుండా నిలబడింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని అతికించింది.

ఇంజనీర్లిద్దరూ ఇంకా సాఫ్ట్‌వేర్ అద్దెల దగ్గరే ఉన్నారు. ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది. కాసేపటికి కూత మొదలైంది. సన్నగా, చెవులు గిల్లేలా, ఆగకుండా. ఇంజనీర్లు దానికి మించి గొంతు పెంచారు. మరి కాసేపటికి యజమానే "ఎవరైనా ఆ తలుపు వేస్తారా" అన్నాడు. నేను తుంటితో ఒక పోటు పొడిచాను. కూత ఆగింది. గదిలో అందరూ ఆగారు.

యజమాని పెట్టెలోకి తొంగి చూశాడు. ఆ సాలెగూడును చాలాసేపు చూశాడు. ఐరన్ వైపు, పీకేసిన కెటిల్ వైపు చూశాడు. తర్వాత ఆమెను ఒకటే అడిగాడు.

"మళ్ళీ మొదటినుంచి చెయ్యమంటే ఏ చిప్పు, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుంటావు?"

ఇంజనీర్లిద్దరూ ముందుకు వంగారు. అడగక అడగక ఈ మనిషిని అడగాల్సిన ప్రశ్న ఇదేనా అనుకున్నాను. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర ఎన్ని రోజులు మాట్లాడేంత జవాబుందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఆమె ఐరన్‌ను జాగ్రత్తగా స్టాండులో పెట్టింది.

"ఇవే తీసుకుంటాను" అంది ఇంగ్లీషులో, నెమ్మదిగా. "వీటిలో నేను ఎక్కడ తప్పు చేస్తానో నాకు తెలుసు."

యజమాని తల ఊపాడు. నా వైపు తిరిగి "ఉంచుకుందాం" అన్నాడు.